ల్యాప్ స్టీల్ కొనేముందు: ఎవరు దేన్ని ఎందుకు ఇష్టపడ్డారు, మనం దేన్ని ఎంచుకోవాలి

"ఏ కంపెనీది తీసుకోమంటారు?" ల్యాప్ స్టీల్ గిటార్ మీద మనసుపడ్డవాళ్లు ముందుగా అడిగేది ఇదే. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: ఏం వాయిద్దామనుకుంటున్నారు? పాత సినిమా పాటలా, కీర్తనలా, బ్లూసా, అచ్చమైన హవాయి పాటలా? అది తేలితే ట్యూనింగ్ తేలుతుంది. ట్యూనింగ్ తేలితే ఎన్ని తీగలు కావాలో తెలుస్తుంది, ఆ తర్వాత తీగ పొడవు. కంపెనీ పేరు చివర్లో వస్తుంది. గొప్ప వాద్యకారులు ఏళ్ల తరబడి వదలకుండా వాయించిన ల్యాప్ స్టీళ్లను వరసగా చూడండి. వాటిలో కొన్ని సంగీతం నేర్చుకునే పిల్లల కోసం చవగ్గా తయారుచేసినవే. అయినా వాళ్లు వాటిని వదల్లేదంటే చాలాసార్లు కారణం ఒకటే, దాని పికప్, అంటే తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు భాగం.

ఈ వాద్యం కొత్తవాళ్లకు రెండు మాటలు. గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు బార్‌ను తీగల మీద జారుస్తూ, కుడిచేతి వేళ్లకు పిక్‌లు తొడుక్కుని మీటుతారు. తీగలు పలకకు బాగా ఎత్తులో ఉంటాయి. మెట్ల చోట గీతలుంటాయి, అవి చూసుకోవడానికే. మన దగ్గర పాతతరం దీన్ని హవాయన్ గిటార్ అనే అంటుంది. ఒఆహు దీవిలోని లాయెలో పుట్టిన జోసెఫ్ కెకుకు 1880ల చివర్లో, ఇంకా బడికి వెళ్లే వయసులో, ఈ పద్ధతిని తయారుచేశాడని చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శనలో హవాయి మండపం జనాన్ని విపరీతంగా ఆకట్టుకోవడంతో అమెరికా అంతా ఈ వాద్యం వెంట పడింది. చిత్రవీణ కచేరీ చూసినవాళ్లకు బార్ జార్చి వాయించడం వింతగా ఏమీ అనిపించదు.

ముందు ట్యూనింగ్

ల్యాప్ స్టీల్‌లో బార్ ఒక్కటే. అది తీగలకు సరిగ్గా అడ్డంగా ఉన్నంతసేపు అన్ని తీగల మీదా ఒకే వరసలో పడుతుంది. మామూలు గిటార్‌లా ఒక్కో వేలితో ఒక్కో చోట నొక్కి తీగ కూర్పులు (కార్డ్‌లు) చేసే వీలు లేదు. అందుకే తీగలను ఎలా శ్రుతి చేశామన్నదే సగం సంగీతం.

మొదట నేర్చుకోవడానికి ఓపెన్ డి మంచిది, అంటే బార్ పెట్టకుండా మీటినా డి మేజర్ పలికే శ్రుతి. లావు తీగ నుంచి సన్న తీగ వరకు డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. మన భాషలో చెప్పాలంటే స ప స గ ప స, ఆ గ అంతర గాంధారం. మోహనం, కల్యాణి, శంకరాభరణం లాంటివి దీనిమీద హాయిగా సాగుతాయి. వదిలేసిన తీగలు తంబురాలా మోగుతూ ఉంటాయి. ఖరహరప్రియకు వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. ఆ రాగానికి సాధారణ గాంధారం కావాలి, మన ఎఫ్ షార్ప్ తీగేమో తగిలినప్పుడల్లా అంతర గాంధారం పలుకుతుంది. దాన్ని అర స్వరం దించుకుంటే సరిపోతుంది. హిందోళంలో అసలు పంచమమే లేదు కాబట్టి రెండు పంచమాల తీగలనూ మధ్యమానికి దించాలి, గాంధారం తీగను అర స్వరం పెంచి దాన్నీ మధ్యమం చేయాలి. మూడు చెవులు తిప్పితే పని అయిపోతుంది. బ్లూస్, రాక్ వాయించేవాళ్లు ఎక్కువగా ఇదే ట్యూనింగ్‌ను ఒక స్వరం పైకి లేపి ఓపెన్ ఈగా వాడతారు.

రెండో దారి సి6. సి, ఇ, జి, ఎ, సి, ఇ. స గ ప ద స గ. రిషభం ఒక్కటి తప్ప మోహనమంతా తీగల మీదే ఉంది! హవాయి సంగీతం, టెక్సస్ వైపు పుట్టిన వెస్టర్న్ స్వింగ్, పాత కంట్రీ, ఇవన్నీ ఈ కుటుంబానికి చెందిన ట్యూనింగ్‌ల మీద నడిచినవే. లావు మూడు తీగలు మీటితే సి మేజర్, సన్న మూడు మీటితే ఎ మైనర్. బార్ కదపకుండానే సంతోషం, దిగులు రెండూ అందుబాటులో ఉంటాయి. అయితే పై తీగ షడ్జమం కాదు, గాంధారం. రాగం వాయించేవాళ్లకు ఇది మొదట్లో తికమక పెడుతుంది. పాటకు వెనక తీగ కూర్పులు పట్టాలనుకునేవాళ్లకు, వెస్టర్న్ హార్మనీ అంటే ఇష్టమున్నవాళ్లకు సి6 ఒక జీవితకాలానికి సరిపోతుంది. ఒంటి స్వరంతో గానమే ప్రధానమైతే ఓపెన్ డి చాలు.

రికెన్‌బాకర్: మొదటిదీ, చాలామంది దృష్టిలో ఇప్పటికీ మేలైనదీ

వాణిజ్యపరంగా నిలదొక్కుకున్న మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటార్ ల్యాప్ స్టీలే. ఈ మాట చెబితే ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాటోకాస్టర్ అభిమానులు కొంచెం నొచ్చుకుంటారు. జార్జ్ బోషాంప్ ఆలోచన, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కార్ఖానా కలిసి 1932లో లాస్ ఏంజెలెస్‌లో దాన్ని మార్కెట్‌కు తెచ్చాయి. పోత అల్యూమినియంతో చేసిన గుండ్రటి ఒళ్లు, పొడుగాటి మెడ. ఆ ఆకారం చూసి జనం ఫ్రైయింగ్ పాన్ అన్నారు, ఆ పేరే స్థిరపడింది. పేటెంట్ చేతికి వచ్చేసరికి 1937 ఆగస్టు అయింది, ఆలోపు పోటీ కంపెనీలన్నీ తమ తమ ఎలక్ట్రిక్ గిటార్లను దించేశాయి.

దీని గుట్టు గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతాల్లో ఉంది. మామూలు పికప్ తీగల కింద ఉంటుంది. ఇందులో రెండు నాడాలు తీగలను పైనుంచి చుట్టేస్తాయి, తీగలు ఆ సొరంగంలోంచి వెళ్తాయి. అందువల్ల వచ్చే నాదం గట్టిగా, గుండ్రంగా ఉంటుంది, పైస్థాయిలో కూడా పల్చబడదు. ఇబ్బంది ఏమిటంటే కుడిచేతి మణికట్టును ఆనించి తీగల మోత ఆపే చోట సరిగ్గా ఆ అయస్కాంతమే అడ్డొస్తుంది. అలవాటు పడేదాకా విసుగ్గా ఉంటుంది.

అల్యూమినియానికి ఇంకో జబ్బు ఉంది. వేడికి వ్యాకోచిస్తుంది. ఏసీ గదిలో శ్రుతి చేసుకుని వేదిక మీద లైట్ల కిందికి వెళ్తే రెండో పాటకల్లా శ్రుతి జారిపోతుంది. మే నెలలో విజయవాడలో ఆరుబయట కచేరీ ఊహించుకోండి. ఈ సమస్యకు రికెన్‌బాకర్ 1935లో చూపిన పరిష్కారం మోడల్ బి, బేకలైట్ ఒంటిది. పాతకాలం రేడియోలకు, టెలిఫోన్లకు వాడిన ఆ నల్లటి గట్టి ప్లాస్టికే. బోలుగా పోసిన ఒంటి మీద మెరిసే లోహపు పలకలు బిగించారు, మెడను విడిగా చేసి మరలతో కలిపారు. వేడికి అల్యూమినియంలా కదలదు. పైగా, వాద్యకారులు ఊహించని విధంగా, నాదం ఇంకా తియ్యగా వచ్చింది.

ఒహాయోలో పుట్టి, హవాయి వాళ్లకే హవాయి సంగీతం నేర్పే స్థాయికి ఎదిగిన జెర్రీ బర్డ్‌కు ఇష్టమైనది ఈ బేకలైటే. సి6ను కంట్రీ సంగీతంలో నిలబెట్టింది ఆయనే. 1972లో హొనొలులూకు మారి, 2005లో చనిపోయేవరకు శిష్యులను తయారుచేస్తూ గడిపాడు. ఆయన రికార్డింగులలో గమనించాల్సింది వేగం కాదు. ఒక స్వరం పట్టుకుని నెమ్మదిగా కంపితం మొదలుపెట్టి, అది ఆగిపోతుందేమో అనిపించేలోపు తర్వాతి స్వరానికి జారే తీరు గమనించాలి. అంతసేపు స్వరం నిలబడాలంటే వాద్యానికి కూడా ఊపిరి ఉండాలి. బేకలైట్ ఇచ్చేది అదే.

ఇదే వాద్యాన్ని డేవిడ్ లిండ్లే పూర్తిగా వేరే పనికి వాడాడు. 1970లలో గాయకుడు జాక్సన్ బ్రౌన్ పక్కన నిలబడి, ఓపెన్ ట్యూనింగ్‌లో, యాంప్‌ను (శబ్దం పెంచే యాంప్లిఫయర్‌ను) గట్టిగా పెంచి, మనిషి గొంతు బొంగురుపోయి అరుస్తున్నట్టు వాయించాడు. లార్కిన్ పో బృందంలోని మెగన్ లవెల్ పాత రికెన్‌బాకర్‌ను భుజానికి తగిలించుకుని నిలబడి వాయించి పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత బియర్డ్ కంపెనీ ఆమె పేరు మీద ఎలక్ట్రో లీజ్ అనే మోడల్ చేసింది. ఒకే వాద్యం, ముగ్గురి చేతుల్లో మూడు గొంతులు. ఇన్ని రకాల సంగీతానికి ఒదిగే ల్యాప్ స్టీల్ మరొకటి నాకు కనబడలేదు.

మరి కొనొచ్చా? డబ్బుంటే, తెచ్చిచ్చే మనిషుంటే. మంచి స్థితిలో ఉన్న, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి బేకలైట్ వెయ్యి డాలర్ల పైమాటే. అయస్కాంతం వెడల్పు అడగడం మర్చిపోవద్దు. యుద్ధానికి ముందువి అంగుళంన్నర, తర్వాతివి అంగుళంపావు. వెడల్పాటిదాని కోసమే జనం ఎగబడతారు. అయస్కాంతాలు కాలం గడిచేకొద్దీ నీరసించి ఉండొచ్చు, వాటికి మళ్లీ బలం ఎక్కించే పనివాళ్లు అమెరికాలో ఉన్నారు. అన్నింటికన్నా ముఖ్యం, బేకలైట్ పెళుసు. కిందపడితే పగులుతుంది, అతికినా పాత గొంతు రాదు. కొరియర్ పెట్టెలో కాకుండా అమెరికా నుంచి వచ్చే బంధువు చేతి సామానులో వస్తేనే దీని జోలికి వెళ్లండి.

ఫెండర్

కొత్తగా పాత వాద్యం కొనేవాళ్లకు నేను ముందుగా చెప్పేది 1949లో వచ్చిన ఫెండర్ ఛాంపియన్. చెక్క దిమ్మ, ముత్యపు రంగు ప్లాస్టిక్ తొడుగు, ఒక పికప్, రెండు నాబ్‌లు, అంతే. విద్యార్థుల వాద్యం. అయితే ఆ పికప్ రూపకల్పనే కాస్త మారి టెలికాస్టర్ అనే ఫెండర్ గిటార్‌లో బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరి పికప్ అయింది. టెలికాస్టర్ గొంతు తెలిసినవాళ్లకు దీని గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు. స్పష్టంగా, కాస్త కరుకుగా, బృందంలో మిగతా వాద్యాలను దాటుకుని వినిపిస్తుంది. రికెన్‌బాకర్ ఒక్కటే మోగుతున్నప్పుడు అందంగా ఉంటుంది, తబలా, కీబోర్డు, బేస్ అన్నీ కలిసి మోగుతున్నప్పుడు మాత్రం ఫెండర్ గెలుస్తుంది.

పెద్దన్న లాంటిది స్ట్రింగ్‌మాస్టర్, 1953లో వచ్చింది. ఒక్కో మెడకు రెండు పికప్‌లు. రెండూ కలిసి పనిచేసినప్పుడు కరెంటు హమ్మింగ్ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా చుట్టారు, రెండింటి పాళ్లు మార్చడానికి ఒక చిన్న చక్రం పెట్టారు. ఇంట్లో ట్యూబ్‌లైట్లు, ఇన్వర్టర్ల రొదతో సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ వాడినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. రెండు, మూడు, నాలుగు మెడలతో, కాళ్ల మీద నిలబడే వాద్యం ఇది, కాబట్టి ఒళ్లో పెట్టుకునేది కాదు. ఒక్కో మెడకు ఒక్కో ట్యూనింగ్ పెట్టుకోవచ్చు. శాంటో అండ్ జానీ అన్నదమ్ముల్లో శాంటో వాయించింది మూడు మెడల ఫెండర్. వాళ్ల వాద్యగీతం ఒకటి 1959లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. గొప్ప వాద్యమే, కానీ రెండో అంతస్తు అద్దె ఇంట్లో ఉండేవాళ్లు మెట్లు గుర్తుచేసుకుని నిర్ణయించుకోండి.

సూప్రో, గిబ్సన్, ఇతర చవక బంగారాలు

షికాగోలో వాల్కో కంపెనీ సూప్రో పేరుతో, ఇంకా రకరకాల పేర్లతో ల్యాప్ స్టీళ్లు తయారుచేసింది. క్లీవ్‌లాండ్‌లో హవాయన్ గిటార్ పాఠాలు అమ్మే ఒఆహు కంపెనీకి కూడా చేసిపెట్టింది. ఇవీ విద్యార్థుల సరుకే. వీటి మీద అంటించే ముత్యపు మెరుపు ప్లాస్టిక్‌ను అమెరికన్ వాద్యకారులు టాయిలెట్ సీటు ముత్యం అని ఎగతాళి చేస్తారు. అయితే వీటిలో తీగలు మధ్యలోంచి వెళ్లే పికప్ ఉందే, అది అసాధారణమైనది. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ ఆ పికప్‌ను ఊడబీకి తన స్ట్రాటోకాస్టర్ బ్రిడ్జ్ దగ్గర బిగించుకున్నాడు. అది చూసి లోకం కూడా అదే పని మొదలుపెట్టింది. దాంతో అమాయకమైన ల్యాప్ స్టీళ్లు ఎన్నో పికప్‌లు పోగొట్టుకుని దిమ్మలుగా మిగిలాయి. సూప్రో కొనేటప్పుడు పికప్ అసలుదేనా అని ఫొటోలు అడిగి చూసుకోవాలి. కరకరలాడే, కొంచెం మురికి గొంతు కావాలనుకునే బ్లూస్ వాద్యకారులకు కొన్ని వందల డాలర్లలో దీన్ని మించింది దొరకదు.

గిబ్సన్ గొంతు ఇంకో రకం, లావుగా, వెచ్చగా ఉంటుంది. 1930ల మధ్యలో ఇహెచ్-150 కోసం తయారైన బార్ పికప్పే తర్వాత గిటారిస్టు ఛార్లీ క్రిస్టియన్ పేరుతో జాజ్ గిటార్‌లో ప్రసిద్ధి అయింది. డబ్బు తక్కువైతే యుద్ధం తర్వాత 1950ల చివరిదాకా వచ్చిన బీఆర్-9 చూడండి. కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ పాటల వెనక ఏడుస్తున్నట్టు వినిపించే ఆ పదునైన స్టీల్ డాన్ హెల్మ్స్‌ది. ఆయన వాయించింది గిబ్సన్ కన్సోల్ గ్రాండే. లావు గొంతు అనే పేరున్న కంపెనీ వాద్యంలోంచి అంత సన్నటి కేక తీశాడంటే, చేసిందల్లా పైస్థాయిలోనే వాయించడం. హాంక్ గొంతు మంద్రంలో ఉంటుంది కాబట్టి స్టీల్ దానికి అడ్డం పడకుండా పైన ఎగిరింది. వాద్యం ఎంపికకన్నా ఎక్కడ వాయిస్తున్నామన్నది ఎంత ముఖ్యమో ఆ పాటలు విని నేర్చుకోవచ్చు.

పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏ గిటార్ కావాలంటే అది కొనగల మనిషి, అయినా పెద్ద పెద్ద వేదికల మీద జపాన్‌లో తయారైన జెడ్‌సన్ అనే అతి సాదా ల్యాప్ స్టీల్ వాయించాడు. మంచి యాంప్, మంచి డిలే (ప్రతిధ్వని పుట్టించే పెట్టె) ఉంటే వాద్యం ఎంత చవకదో ఎవరికీ వినబడదు.

కరెంటు లేకుండా

యాంప్ వద్దు, చెక్క గొంతే కావాలంటే రెండు దారులు. లాస్ ఏంజెలెస్‌లో 1920లలో హెర్మన్ వైసెన్‌బోర్న్ చేసిన గిటార్లలో మెడ కూడా బోలే. కోవా చెక్క, చప్పుడు ఒళ్లంతా నిండి బయటికి వస్తుంది. దీన్ని మరుగున పడిపోకుండా కాపాడినవాళ్లలో లిండ్లే ఒకడు. తర్వాతి తరానికి అందించింది బెన్ హార్పర్. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో ఆయన తాత, అమ్మమ్మ 1958లో పెట్టిన వాద్యాల దుకాణంలో పెరిగిన మనిషి ఆయన. పెద్ద బృందాలతో వాయించాల్సి వచ్చినప్పుడు బోలు గిటార్ ఫీడ్‌బ్యాక్‌తో గోలపెడుతుంది కాబట్టి, బిల్ ఆషర్ చేత అదే ఒరవడిలో ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్ చేయించుకున్నాడు. రెండోది డోబ్రో తరహా, లోపల లోహపు శంకువు ఉన్న రెసొనేటర్ గిటార్. జెర్రీ డగ్లస్ వాయించేది ఇదే. ఇది జి, బి, డి, జి, బి, డి ట్యూనింగ్‌కు బ్లూగ్రాస్‌లో అలవాటు పడ్డ వాద్యం, స్వరం త్వరగా తుంచుకుంటుంది. వేగంగా మీటడానికి బాగుంటుంది. నెమ్మదైన ఆలాపనకైతే నేను వైసెన్‌బోర్న్ తరహానే ఎంచుకుంటాను.

మన దేశంలో దొరికేది

ఇండియాకు ఈ వాద్యం హవాయి బృందాల వెంట వచ్చింది. టౌ మో కుటుంబం 1940లలో కలకత్తాలో ఉండి వాయించింది, నేర్పింది. అక్కడినుంచి సినిమా పాటలను స్టీల్ గిటార్ మీద రికార్డు చేసే సునీల్ గంగూలీ లాంటివాళ్ల తరం వచ్చింది. జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్ భూషణ్ కాబ్రా పెద్ద ఒళ్లున్న గిబ్సన్ సూపర్ 400ను ఒళ్లో పెట్టుకుని హిందుస్థానీ రాగాలకు మలిచాడు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో చేసిన రికార్డుతో దేశమంతా ఆయన గిటార్ విన్నది. విశ్వమోహన్ భట్ అలాంటి గిటార్‌కే తరబ్ తీగలు (మీటకుండానే తోడుగా మోగేవి) బిగించి మోహనవీణ అన్నాడు. ఇందాక చెప్పిన రై కూడర్‌తో కలిసి 1994లో గ్రామీ అందుకున్నాడు. దేబాశీష్ భట్టాచార్య చతురంగి, గాంధర్వి, ఆనంది అని తన అవసరానికి తగ్గట్టు వాద్యాలే తయారుచేసుకున్నాడు.

రాగం వాయించాలనుకునే తెలుగు పాఠకుడికి ఈ వరసలో ఒక సూచన ఉంది. రాగాలకు పేరుపడ్డ కాబ్రా, భట్, భట్టాచార్య ప్రధానంగా వాయించింది ఇరవై రెండున్నర అంగుళాల చిన్న ఎలక్ట్రిక్ స్టీల్ కాదు. తీగ పొడుగు ఇరవై అయిదు అంగుళాల దగ్గర ఉంటే స్వరానికీ స్వరానికీ మధ్య దూరం పెరుగుతుంది, గమకం చిన్నదైనా శ్రుతి తప్పకుండా పలికించడం సులువవుతుంది. తోడిలో గాంధారం ఊపాలంటే ఆ కొద్దిపాటి చోటు చాలా తేడా చేస్తుంది. బార్‌ను వాలుగా పెట్టి రెండు తీగల మీద వేర్వేరు స్వరాలు పట్టే హవాయి పద్ధతికి మాత్రం చిన్న కొలతే మేలు, లేకపోతే చెయ్యి అందదు.

కోల్‌కతా లాల్‌బజార్ వైపు దుకాణాల్లో హవాయన్ గిటార్లు ఇప్పటికీ దొరుకుతాయి. దిగుమతి గోల ఉండదు. నాణ్యత ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది కాబట్టి చూడకుండా కొనొద్దు. ఇంకా చవకదారి, ఇంట్లో మూలపడ్డ మామూలు అకౌస్టిక్ గిటార్‌కు నట్ (మెడ చివర తీగలు ఆనే ముక్క) మీద తొడిగే ఎత్తు పట్టీ కొనడం. తీగలు పైకి లేస్తాయి, పదమూడు నంబరు తీగల సెట్ వేసి ఓపెన్ డికి దించితే పని నడుస్తుంది. ఓపెన్ డిలో ఏ తీగనూ మామూలుకన్నా పైకి లాగక్కర్లేదు. అదే డోబ్రో ట్యూనింగ్ పెడితే కింది రెండు తీగలూ పైకి లాగాల్సి వస్తుంది, మెడ వంగుతుంది. ఇష్టం నిలబడుతుందో లేదో తెలియని మొదటి ఆరునెలలకు నా ఓటు ఈ పట్టీకే. దీనిమీద రోజూ కూర్చున్నవాళ్లే తర్వాత ఎలక్ట్రిక్ కొనండి.

కొత్తవి

కొత్త ఎలక్ట్రిక్‌లలో గ్రెచ్ జి5700 లాంటి ఆరు తీగల మోడల్ మొదటి వాద్యంగా సరిపోతుంది. ఇంకా చవక చైనా సరుకులో నాదంకన్నా నట్, బ్రిడ్జ్ దగ్గరే లోపాలుంటాయి. పై ధరలో డ్యూసెన్‌బర్గ్ ఫెయిరీటేల్ ఉంది. జారే కేపో (తీగలను నొక్కిపట్టే బిగింపు) పెట్టి ట్యూనింగ్ ఎత్తు మార్చుకోవచ్చు, మీట బిగించుకుంటే పెడల్ స్టీల్‌లా (కాలి మీటలతో తీగల శ్రుతి మార్చే పెద్ద స్టీల్ గిటార్) తీగలు వంచొచ్చు. నచ్చినవాళ్లకు బాగా నచ్చుతుంది. నాకు మాత్రం ల్యాప్ స్టీల్‌కు మీటలు పెట్టడం మొదలైతే పెడల్ స్టీలే కొనుక్కోవచ్చు కదా అనిపిస్తుంది.

ఆరా, ఎనిమిదా? ఓపెన్ డి వాయించేవాళ్లకు ఆరు తీగలు దాటి అవసరం లేదు. సి6ను లోతుగా పట్టుకోవాలనుకుంటే ఎనిమిదే నయం, కింద ఇంకో రెండు తీగలు వస్తే బేస్ నిండుతుంది. ఎనిమిదితో మొదలుపెట్టిన కొత్తవాళ్లు మాత్రం వద్దన్న తీగల మోత ఆపలేక తలపట్టుకుంటారు.

చేతిలోకి తీసుకున్నాక

దుకాణంలోనో, అమ్మేవాళ్ల ఇంట్లోనో వాద్యం ఒళ్లోకి తీసుకుని మొదట బార్‌ను నట్ పక్కనే, అన్ని తీగల మీదా పడుకోబెట్టండి. వంగి, తీగల ఎత్తుకు కన్ను పెట్టి చూడండి. బార్‌కూ ఏదైనా తీగకూ మధ్య వెలుతురు కనిపిస్తే నట్ గాడులు సమంగా లేవు. ఆ తీగ ఎప్పటికీ గరగరమంటుంది. తర్వాత పన్నెండో గీత మీద తీగను వేలితో తాకి వదిలి గంట స్వరం తీయండి, అదే గీత మీద బార్ పెట్టి మళ్లీ మీటండి. రెండూ కలవకపోతే గీతలు గానీ బ్రిడ్జ్ గానీ తప్పు చోట ఉన్నట్టు. నాబ్‌లు తిప్పినప్పుడు వచ్చే బరబరకు భయపడక్కర్లేదు, అది శుభ్రం చేస్తే పోతుంది. వాల్యూమ్ నాబ్ మీటుతున్న చేతి చిటికెన వేలికి అందుతుందో లేదో చూడండి. అందితే మీటిన తర్వాత నెమ్మదిగా పెంచి, మీటు చప్పుడు వినబడకుండా వయొలిన్ కమానులా స్వరాన్ని పుట్టించవచ్చు. కీర్తన వాయించేవాళ్లకు ఇది పెద్ద వరం.

పాత వాద్యంతోపాటు దాని జోడీ యాంప్ కూడా ఇస్తామంటే ఆశపడే ముందు, అది అమెరికా 110–120 వోల్టుల యాంప్ అని గుర్తుంచుకోండి. మన గోడ సాకెట్‌లో నేరుగా పెడితే పొగొస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

మిగిలిన డబ్బు బార్ మీద పెట్టండి. పిల్లల సెట్లలో వచ్చే తేలికపాటి బార్ తీగ మీద నిలవదు, ఎంత మంచి బేకలైట్ అయినా దానికింద గిలగిలమంటుంది. బరువైన, ముక్కు గుండ్రంగా ఉన్న బార్ పొడవైన జారుళ్లకు బాగుంటుంది. పక్కల గాడి ఉండి వేళ్లకు పట్టుదొరికే స్టీవెన్స్ తరహా బార్‌ను ఎత్తి ఎత్తి కొట్టవచ్చు, రెసొనేటర్ వాయించేవాళ్లు దాన్నే ఇష్టపడతారు. తీగలు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ట్యూనింగ్ పేరు చూసి తీసుకోండి. మామూలు గిటార్ సెట్ తెచ్చి సి6కు బిగిస్తే కొన్ని తీగలు వదులుగా వేలాడతాయి, కొన్ని తెగుతాయి.